పన్నెండు నుంచి నాలుగు దాకా

వీరాస్వామి ఆ కథ ఎప్పుడు చెప్పినా నీళ్ళలోంచే మొదలుపెట్టేవాడు.

“అట్లాంటిక్ సముద్రం. నలభై రెండో సంవత్సరం, అక్టోబరు నెల. పీకలదాకా నీళ్ళల్లో ఉన్నాను. భీమిలిలో పుట్టినోణ్ణి, నడక రాకముందే ఈత వొచ్చినోణ్ణి, నాకు సముద్రమంటే బయమేటి? కానీ ఆ నీళ్ళు మన నీళ్ళు కావు బాబూ. కాళ్ళు ఉన్నాయో ఊడిపోనాయో తెలీదు. అప్పుడు సూసాను. అల ఎనకాల అల, దాని ఎనకాల ఇంకో అల. ఆ మూడో దాని మీద కనబడింది...”

సరిగ్గా అక్కడ ఆగి టీ అందుకునేవాడు.

సింగపూర్‌లో, యీషున్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. శనివారం మధ్యాహ్నాలు ఆ హాల్లో ఐదారుగురు కుర్రాళ్ళు నేల మీద చేరగిలబడి ఉండేవారు. అందరూ కంప్యూటర్ల వాళ్ళే. వాళ్ళని తీసుకొచ్చేది మహీధర్. కరీంనగర్ అబ్బాయి. రెండువేలు వచ్చేసరికి ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ హడలిపోయిన ఏడాది సింగపూర్ వచ్చాడు. ఏవీ ఆగలేదు, ఇతనూ వెనక్కి పోలేదు. వీరాస్వామి ఫ్లాట్లో వెనక గది అద్దెకి తీసుకుని, వచ్చిన వారానికే కథ మొత్తం విని, రెండో వారం ఆఫీసు వాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు.

“ఏం కనవడ్డది అంకుల్, జెల్ది చెప్పుండ్రి,” అనేవాడు, తనకి తెలిసినా.

“కార్వెట్! కెనడా వోళ్ళ కార్వెట్. పేరు ఫెర్న్‌బ్రూక్. అదేదో వాళ్ళ దేశంలో ఊరి పేరంట.”

“అంకుల్ అంటే చాలు, ఈయనకి ఇరవై ఏళ్ళు తగ్గిపోతాయి,” అని వంటింట్లోంచి భార్య అరుణమ్మ. ఆవిడకి డెబ్భై రెండు, ఆయనకి డెబ్భై ఎనిమిది. “ఇంక ఈ పొద్దు కూర తరిగీ మనిషి లేడు.”

కథ వింటున్న వాళ్ళకి కాన్వాయ్ అంటే ఏమిటో వీరాస్వామి టీ కప్పులతోనే చూపించేవాడు. యాభై అరవై సరుకు ఓడలు, వరసలు కట్టి, ఒకదాని వెనక ఒకటి. సముద్రం కింద జర్మనీ వాళ్ళ సబ్‌మెరీన్లు కాచుకుని ఉంటాయి కాబట్టి వరసల చుట్టూ కాపలా ఓడలు. వాటిల్లో అన్నిటికన్నా చిన్నవి ఈ కార్వెట్లు. తిమింగలాలు పట్టే పడవ నమూనా మీద హడావుడిగా కట్టేసినవి. గుండ్రటి గిన్నెలో వేసిన చింతపిక్కలా ఎటు పడితే అటు దొర్లేవి. నలభై మంది పట్టే చోట ఎనభై మంది. పైనుంచి, ములిగిన ఓడల్లోంచి ఏరుకొచ్చిన మాలాంటోళ్ళం ముప్పై మందిమి, అనేవాడు.

“అందులో ఒకడు, డూగల్ అని, ఎర్రగెడ్డం. బాయిలర్ల కాడ పెద్ద. వాడి కింద ఒక పిల్లోడు, గోధుమ సేలల్లోంచి తిన్నగా ఓడెక్కేసినాడు. అంతకు ముందర సముద్రం బొమ్మలో సూడటమే. ముందు రోజంతా కక్కుతానే ఉన్నాడంట. నన్ను నీళ్ళల్లోంచి లాగింది వాడే. లాగి, నన్ను పట్టుకుని, నా మీదే కక్కీసినాడు.”

కుర్రాళ్ళు పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు కోసం వీరాస్వామి ఆ ముక్కని ప్రతిసారీ ఒక పిసరు పెంచేవాడు.

తర్వాత కోకో. చెంచా నిలబడేంత చిక్కగా, కమ్మగా, పొగలు కక్కుతూ. తర్వాత తడిసి బూజు పట్టిన రొట్టె. తర్వాత, రెండో రోజో మూడో రోజో, ఊరికే పడుకోలేక గోడలు పట్టుకుంటూ బాయిలర్ల గదిలోకి దిగి వెళ్ళడం. ఈ భాగం దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు మారిపోయేది. అప్పటిదాకా ఆయన ఎరిగిన బాయిలర్ అంటే బొగ్గు. ఆయన పనిచేసిన పాత సరుకు ఓడలో పొయ్యి నోరు తెరిచి పారతో బొగ్గు చల్లడమే పని. ఇక్కడ పార లేదు, బొగ్గు లేదు, మసి లేదు. సన్నటి నూనె తుంపర మండుతోంది. గోడకి రూపాయి కాసంత గాజు కిటికీ. డూగల్ భుజం పట్టి వంచి, ఆ కిటికీలోంచి మంట చూడమన్నాడు. మంట కొస ఎర్రబారితే పొగ వస్తుంది. పొగ వస్తే ఇరవై మైళ్ళ అవతల సబ్‌మెరీన్‌కి తెలిసిపోతుంది. ఎర్రబారకముందే గాలి పెంచాలి. మాటలు తెలియకపోయినా అదంతా వేళ్ళతో చెప్పాడు.

మిగతా ప్రయాణమంతా వీరాస్వామి ఆ కిటికీ దగ్గరే కూచున్నాడు. తిండి అక్కడే, కునుకు అక్కడే. కెనడా రేవుకి చేరేసరికి, మంట రంగు మారబోతోందని అందరికన్నా ముందు ఆయనే చెయ్యెత్తి చూపించేవాడు. దిగేటప్పుడు డూగల్ తన ఉన్ని టోపీ తీసి ఈయన నెత్తిన పెట్టాడు.

“ఆ ఎనిమిది రోజుల సదువే నాకు అన్నం పెట్టింది,” అని ముగించేవాడు. “యాభై ఒకటిలో ఇక్కడికొచ్చి సెంబవాంగ్‌లో తెల్లోళ్ళ డాక్‌యార్డులో నిలబడితే, నీకేటొచ్చురా అన్నాడు దొర. మంట సూసి పొగ సెప్తాను అన్నాను. ముప్పై నాలుగేళ్ళు అదే పని.”

ఇదీ కథ. అందరికీ ఇష్టమైన కథ. ఒక్క అనన్యకి తప్ప. సెంగ్‌కాంగ్‌లో ఉండే కూతురు సత్యవాణి బిడ్డ, పన్నెండేళ్ళది. ప్రతి శనివారం తాత ఇంటికొస్తుంది. ఒకసారి సోఫా చేతి మీద కూచుని కాళ్ళాడిస్తూ అంది, “తాతా, వై ఆల్వేస్ స్టార్ట్ ఫ్రమ్ ద వాటర్ లా? బిఫోర్ దట్ ఏమైంది?”

“బిఫోర్ దట్ ఓడ. ఓడలో పని. పనిలో కథేటుంటాది?” అన్నాడు వీరాస్వామి, టీ కప్పులోకి చూస్తూ.

నీళ్ళకి ముందు ఒక మధ్యాహ్నం ఉంది. పన్నెండు నుంచి నాలుగు దాకా. దాన్ని ఆయన యాభై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదు అనుకున్నది ముఖ్యంగా అరుణమ్మకి. ఎందుకంటే ఆ మధ్యాహ్నంలో ఆవిడ అన్న పెద్దయ్య ఉన్నాడు.

పెద్దయ్య వీరాస్వామికి మేనమామ కొడుకు, ఆరేళ్ళు పెద్ద. ఓడ పనిలో చేర్పించిందీ, పార పట్టుకోవడం నేర్పిందీ అతనే. ఇద్దరూ ఒకే బాయిలర్ మీద, చెరో నాలుగు గంటల డ్యూటీ. పెద్దయ్యది ఎనిమిది నుంచి పన్నెండు, అతనిది అవగానే వీరాస్వామిది. బొగ్గు పొయ్యిల పనిలో ఒక కట్టుబాటు ఉంది. కాలిన బొగ్గు కరిగి, గడ్డకట్టి, పొయ్యి అడుగున కిట్టంలా పేరుకుంటుంది. నీ డ్యూటీలో నీ వంతు కిట్టం లాగి పారేసి, శుభ్రమైన మంట తర్వాతి వాడికి అప్పజెప్పాలి. మురికి పొయ్యి అప్పజెప్పినవాడికి ఆ ఓడలో మర్యాద ఉండదు. లాగేటప్పుడు కూడా ఒక్కో పొయ్యే, గంట ఎడం ఇచ్చి. ఎందుకంటే కిట్టం లాగినప్పుడు ఆ పొయ్యి చల్లబడుతుంది, స్టీము పడుతుంది. మళ్ళీ పచ్చిబొగ్గు వేసినప్పుడు నల్లటి పొగ లేస్తుంది.

ఆ రోజు పన్నెండింటికి వీరాస్వామి కిందికి దిగేసరికి పెద్దయ్య బొగ్గు గుట్ట మీద నిద్రపోతున్నాడు. నోరు తెరిస్తే సారా వాసన. మూడు పొయ్యిలూ నిండా కిట్టం.

పనివాళ్ళ పెద్ద సారంగుతో చెప్పాలి. సారంగు ఇంజనీరుకి చెబుతాడు, ఇంజనీరు కాపలా ఓడకి కబురంపి నెమ్మదిగా సర్దుకుంటాడు. కానీ చెబితే పెద్దయ్య పని పోతుంది, మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వరు. ఇరవై ఏళ్ళ వీరాస్వామి ఎవరికీ చెప్పలేదు. బావని ఈడ్చుకెళ్ళి పక్కన పడుకోబెట్టి, మూడు పొయ్యిలూ ఒకేసారి తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఇంకొకటి కూడా జరిగింది. అది మంచి విషయం. కానీ అది చెప్పాలంటే ముందు ఇదంతా చెప్పాలి. అందుకని అదీ లోపలే ఉండిపోయింది. నలభై ఆరులో ఊరెళ్ళి అరుణమ్మ మెడలో తాళి కట్టేటప్పుడు, “మీ అన్న డూటీ నాలుగు నించి ఎనిమిది. కింద ఉన్నాడు. ఓడతో పోనాడు,” అని చెప్పాడు. “నాది అంతకు ముందరే అయిపోనాది. పైన టీ తాగుతన్నాను, అందుకే బతికాను.” ఆవిడ అదే నమ్మి, ఏటా అన్న పేరున బీదసాదలకి అన్నం పెట్టేది. మా అన్న డ్యూటీలో పోయాడు, అనేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మెడ నిటారుగా ఉండేది.

*

ఆగస్టులో ఒక శనివారం మహీధర్ చంకలో కాగితాల కట్టతో వచ్చాడు. చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు.

“అంకుల్, దొరికింది! మీ కార్వెట్ ఇంటర్నెట్‌ల ఉన్నది!”

వీరాస్వామికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫెర్న్‌బ్రూక్‌లో పనిచేసిన వాళ్ళ పిల్లలు, కెనడాలో, ఒక వెబ్‌సైటు పెట్టారట. ఓడ ఫోటోలు, ఓడవాళ్ళ పేర్లు, ఆ కాలపు రిపోర్టులు టైపు చేసి పెట్టారట. ఇంట్లో ఫోన్ లైను మీద పేజీ దిగడానికి అరగంట పడుతోందని, ఆఫీసులో ప్రింటు తీసి పట్టుకొచ్చాడు మహీధర్.

మొదటి కాగితం మీద ఫోటో. మసకగా, నలుపూ తెలుపూ చుక్కలుగా. అయినా వీరాస్వామి దాన్ని పొగగొట్టం చూసి పోల్చాడు. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఓలమ్మ, ఇంత చిన్నదా!” అన్నాడు చివరికి. “ఇంత చిన్నదాంట్లోనా మేమంతా ఉన్నాం?”

అరుణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏదీ, చూపించు. నేను నిజమేనా అని అనుకునేదాన్ని ఒక్కొక్కప్పుడు. ఈయన కోకో సంగతి వింటే ఎవరు నమ్ముతారు?”

“ఇగ చూడుండ్రి, గిది వినుండ్రి ఆంటీ,” అని మహీధర్ పసుప్పచ్చ గీత గీసుకొచ్చిన పేజీ తీశాడు. ఇంగ్లీషులో ఒక ముక్క చదివి, తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. సాయంత్రం ఐదూ నలభైకి నీళ్ళలోంచి పదకొండు మందిని ఎక్కించుకున్నామనీ, అందులో ఏడుగురు ఇండియా వాళ్ళనీ రాసి ఉంది. “ఆ ఏడుగుర్ల అంకుల్ ఒకరు!” అన్నాడు. హాల్లో చేరిన కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. వీరాస్వామికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎక్కడో కెనడాలో ఎవరో టైపు కొట్టిన ఏడు అనే అంకెలో తను ఉన్నాడు.

“బిఫోర్ దట్?” అంది అనన్య. “ఫస్ట్ పేజీ చదవండి అంకుల్. ఐ వాంట్ టు నో బిఫోర్ ద వాటర్.”

“అవునవును, మొత్తం ఉన్నది. నేను గూడ సదువలే ఇంకా.” మహీధర్ కాగితాలు ముందుకి తిప్పాడు.

వీరాస్వామికి అప్పుడు తట్టింది. కార్వెట్ కాపలా ఓడ. కాపలా ఓడ అన్నిటినీ చూస్తుంది, చూసిందల్లా గంటా నిమిషాలతో రాస్తుంది.

“సాలులే మహీ. టీ సల్లారిపోతాది. తరవాత సదువుదువుగాని.”

“గింతే అంకుల్, ఒక్క పేజీ.”

“సదవనీ బావా,” అంది అరుణమ్మ. ఆవిడ ఆయన్ని మేనరికం వరసనే పిలిచేది, పెళ్ళయి యాభై నాలుగేళ్ళయినా. “మా అన్న ఉన్న ఓడ సంగతి నేనూ ఇంటాను.” ఆవిడ సోఫా మీద కూచుంది. అంతమందిలో ఆవిడ కూచోవడం అదే మొదటిసారి.

మహీధర్ చదివాడు. మంచి చదువరి. “పదిహేను తారీఖు. మధ్యాహ్నం ఒకటిన్నర. ఎడమ వరసల ఆఖరి ఓడ బాగా నల్లటి పొగ ఇడుస్తున్నది. పోయి, పొగ ఆపుమని మైకుల చెప్పినం. రెండింటికి ఇంకా ఎక్కువైంది. మల్ల చెప్పినం. రెండూ నలభైకి దాని స్పీడు సగం పడిపోయింది, కాన్వాయ్‌కి వెనకవడ్డది. మూడున్నరకి నాలుగు మైళ్ళు వెనక ఉన్నది, పొగ ఇంకా కనవడుతనే ఉన్నది. దాని కోసం వెనక్కి పోవుమని మాకు...” అని ఇంకా చదవబోయి, తను చదువుతున్న ఓడ ఎవరిదో అప్పుడు గ్రహించాడు. కాగితం కిందికి దించాడు.

అరుణమ్మ మహీధర్ వైపు చూడలేదు.

“నీ డూటీ పన్నెండు నించి నాలుగు గదా బావా?”

“అవును.”

“ఆ పొగ?”

హాల్లో ఫ్యాను తిరుగుతోంది. కింద ఆటస్థలంలో ఎవరో పిల్లలు మలయ్‌లో అరుచుకుంటున్నారు. వీరాస్వామి అనుకున్నాడు: ఒక్క మాట చెబితే చాలు. నీ అన్న తాగి పడుకున్నాడు. నిజమే కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది.

“నాదే,” అన్నాడు. “పొయ్యిలు నానే పాడుసేసాను.”

అరుణమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే చెప్పులేసుకున్నారు. మహీధర్ కాగితాలు బల్ల మీద పెట్టాలో తీసుకుపోవాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“నీ తప్పేం నేదు,” అన్నాడు వీరాస్వామి. “బాగా సదివావు.”

*

ఆదివారం, సోమవారం అరుణమ్మ మాట్లాడలేదు. పళ్ళెంలో అన్నం వచ్చేది, చేపల పులుసు వచ్చేది, మజ్జిగ వచ్చేది. మాట రాలేదు. మహీధర్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, “ఆంటీ, సారీ ఆంటీ,” అంటే, “నీకెందుకు నాన్నా, నువ్వు తిను,” అంది గాని హాలు వైపు చూడలేదు.

వీరాస్వామి కిటికీ దగ్గర కూచుని ఆలోచించాడు. ఫెర్న్‌బ్రూక్‌లో ఆ ఎనిమిది రోజులు గాజుకిటికీ దగ్గర ఎందుకు కూచున్నాడో ఈ కుర్రాళ్ళెవరికీ తెలియదు. నేర్చుకోవాలన్న హుషారు అనుకుంటారు. డూగల్ కూడా అలాగే అనుకున్నాడు. మళ్ళీ ఒక్క పొగ పాయ కూడా లేవకూడదని, లేస్తే తనే ముందు చూడాలని కూచున్నాడు. సెంబవాంగ్‌లో ముప్పై నాలుగేళ్ళూ అదే. తన కింద పనివాడు ఒక పొయ్యి తెరిచి ఉండగా రెండోది తెరిస్తే, “ఒక్కోటి! ఒక్కోటే తీయండిరా!” అని గొంతు చిరిగేలా అరిచేవాడు. డాక్‌యార్డు క్వార్టర్స్‌లో వంట చేసుకుంటున్న అరుణమ్మకి కూడా ఆ అరుపు వినిపించేదని పక్కింటివాళ్ళు ఎగతాళి చేసేవారు.

ఇప్పుడు ఈవిడ తనని అన్నని చంపినవాడిగా చూస్తోంది. చూడనీ. పెద్దయ్య పేరు నిలిచింది కదా. అలా అనుకుని సర్దుకుందామని చూశాడు గాని, సర్దుకోలేకపోయాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ మాట లేకుండా ఇంక ఎన్నాళ్ళు, అనిపించింది.

మంగళవారం పొద్దున్న అరుణమ్మ సంచీ తీసి గుమ్మంలో నిలబడింది. అంటే మార్కెట్టుకి రమ్మని. మంగళవారం చేపలు మంచివి వస్తాయి. ఆయన చొక్కా వేసుకుని వెనకాల నడిచాడు.

చేపల దుకాణం ముందు వరస. చైనా ఆవిడ కత్తితో పొలుసు తీస్తోంది. అరుణమ్మ ముందు, వీరాస్వామి వెనక. ఆవిడ వెనక్కి తిరగకుండానే అడిగింది.

“మూడు పొయ్యిలూ ఒక్కసారే ఎందుకు తీసావు?”

వీరాస్వామి ఉలిక్కిపడ్డాడు. “ఏటి?”

“ఒక పొయ్యి తీస్తే స్టీము అంత పడదు. స్పీడు సగం పడిపోయిందని ఆ పిల్లడు సదివాడు. గంటలకొద్దీ పొగ అన్నాడు. అంటే మూడూ తెరిచావు. జీవితమంతా ఒక్కోటే ఒక్కోటే అని అరిచీవోడివి, ఆ పొద్దు మూడెందుకు తెరిచావు?”

“తెలీక. కుర్రతనం.”

“అబద్ధం. నీకు పని నేర్పింది మా అన్న. నీకు తెలీకపోడమేటి?” ఆవిడ ఇప్పుడు తిరిగింది. “మూడూ ఎందుకు నిండిపోయున్నాయి బావా? నీ ముందు డూటీ ఎవరిది?”

చేపలావిడ, “ఆంటీ, విచ్ వన్?” అంది. అరుణమ్మ వేలితో చూపించింది, ఎటు చూపించిందో చూడకుండా.

వాళ్ళిద్దరూ తమ ఫ్లాట్ల బ్లాకు కింద రాతి బెంచీ మీద కూచున్నారు. చేపల సంచీ ఇద్దరి మధ్య. వీరాస్వామి చెప్పాడు. పన్నెండింటికి దిగడం, బొగ్గు గుట్ట, సారా వాసన, సారంగుకి చెప్పకపోవడం. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతుల వైపే చూశాడు. మొహం చూసే ధైర్యం లేదు.

ఆయన చెప్పడం ఆపాక అరుణమ్మ అంది.

“తాగుతాడని నాకు తెలీదేటి? ఒక దసరాకి మా అమ్మ వాణ్ణి గుమ్మంలోకి రానివ్వలేదు. దడి అవతల కూచోబెట్టి నేనే అన్నం పెట్టాను, పదేళ్ళదాన్ని.” ఆవిడ గొంతు గట్టిగానే ఉంది. “అది దాచడానికేనా యాభై ఎనిమిదేళ్ళు?”

“నువ్వు డూటీలో పోయాడు అంటావు గదా. ఆ మాట పాడుసేయడం ఎందుకని.”

“పోనీలే. తాగి పడుకునే పోయాడన్నమాట. నిద్రలో పోయాడు. దెబ్బ తెలిసుండదు.”

“నేదు,” అన్నాడు వీరాస్వామి. “నిద్రలో కాదు.”

ఆవిడ ఆయన వైపు చూసింది.

“మూడింటికి లేచాడు. లేచి కూచుని సూసాడు, నాను ఒక్కణ్ణే మూడు పొయ్యిలతో సస్తన్నాను. పైనుంచి ఇంజనీరు అరుస్తన్నాడు. మొహం మీద నీళ్ళు సల్లుకున్నాడు. పార తీసుకున్నాడు. నాలుగు కొట్టీసరికి రెండు పొయ్యిలు దారికొచ్చాయి, మూడోది రానేదు. నా తరవాతోళ్ళు దిగారు. నన్ను మెట్ల మీదకి తోసాడు. ‘నువ్వు పో వీరా. టీ తాగు. ఇది నాను పాడుసేసింది, నానే బాగుసేస్తాను,’ అన్నాడు. అది వాడి డూటీ కాదు అరుణా. రాత్రి ఎనిమిది దాకా వాడికి డూటీ నేదు. వాడంతట వాడే ఉండిపోనాడు. ఐదింటికి దెబ్బ తగిలింది.”

లిఫ్టులోంచి ఎవరో దిగి, పలకరింపుగా తలూపి పోయారు. చేపల సంచీ అడుగునుంచి ఐసు నీళ్ళు బెంచీ మీద పారి నేల మీదికి చుక్కలు పడుతున్నాయి.

“వాడంతట వాడేనా?” అంది అరుణమ్మ.

“ఆఁ.”

“నువ్వు రమ్మనలేదు?”

“నాను పిలిస్తే వొచ్చీ మనిషేనా వాడు?”

అప్పుడు అరుణమ్మ ఆయన భుజం మీద కొట్టింది. గట్టిగానే. రెండోసారి కూడా కొట్టింది.

“ఇది దాచావా నా దగ్గర? ఈ మాట దాచావా! తాగాడన్నది దాచుకో, ఎవరిక్కావాలి. వాడంతట వాడే పార పట్టుకుని నిలబడ్డాడని, ఈ ఒక్క ముక్క మా అమ్మ బతికుండగా చెబితే ఏటి? కొడుకు పనికిమాలినోడనే అనుకుంటా పోయిందే ఆవిడ. పెళ్ళిలో చెప్పొచ్చు గదా. ఇక్కడికొచ్చిం తరవాత చెప్పొచ్చు గదా. వారం వారం ఆ కుర్రాళ్ళకి కోకో సంగతి చెప్పడానికి నోరొచ్చింది నీకు!”

వీరాస్వామి తల వంచుకున్నాడు. చెడుని దాచబోయి దానితోపాటు మంచిని కూడా మూటకట్టేశానని ఆయనకి ఇప్పటిదాకా తోచలేదు. అత్తకి చెప్పవలసింది. అది ఇంక ఎవరూ బాగుచేయలేరు.

“తప్పయిపోయింది,” అన్నాడు.

ఆవిడ ముక్కు చీదుకుని, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. ఎదురు బ్లాకులో వెదురు కర్రల మీద ఆరేసిన బట్టల వైపు చూస్తూ, అన్న సంగతులు అడగడం మొదలుపెట్టింది. ఒంటి మీద ఏముంది? బనీనా, లేకపోతే ఊరికేనా? గెడ్డం పెంచాడా? సన్నబడ్డాడా? మొహం మీద నీళ్ళు చల్లుకున్నాక తువ్వాలు దేనికి కట్టుకున్నాడు, తలకా, నడుముకా?

“తలకి,” అన్నాడు వీరాస్వామి. “ఎర్రగళ్ళ తువ్వాలు.”

“అది నేను కొన్నదే,” అంది అరుణమ్మ. “భీమిలి సంతలో.”

ఎండ బెంచీ మీదకి వస్తోంది. చేపలు పాడవుతాయని ఆయన సంచీ అందుకోబోయాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనీ. మళ్ళీ చెప్పు. లేచి కూచున్న కాడినించి చెప్పు.”

ఆయన మళ్ళీ అక్కడినుంచి చెప్పసాగాడు.